పాత ట్రెయిలర్ మీద క్యాంపర్ కట్టుకుంటే ఆర్టీఓ ఏమంటారు?

తుక్కు షెడ్డులో దొరికిన ట్రెయిలర్ ఫ్రేము. దాని మీద ప్లైవుడ్ గోడలు, లోపల ఇద్దరు పడుకునేంత పరుపు, వెనక తలుపు పైకెత్తితే చిన్న వంటగట్టు. కారు వెనక తగిలించుకుని శుక్రవారం సాయంత్రం బయల్దేరితే అరకో, అనంతగిరో. అమెరికాలో ఇంటి గ్యారేజీల్లో ఇలాంటి బుల్లి క్యాంపర్లు కట్టుకునే వీడియోలు మీ ఫోన్లోనూ వచ్చే ఉంటాయి. చూసిన ప్రతివాళ్లకూ ఒకటే సందేహం: మనమెందుకు కట్టుకోకూడదు?

కట్టడం వరకైతే ఇబ్బంది లేదు. విజయవాడ ఆటోనగర్‌లోనో, హైదరాబాద్ ఆటోనగర్‌లోనో కొలతలు చెబితే చాలు, వెల్డింగ్ నుంచి రంగుల దాకా అన్నీ ఒకే వీధిలో అయిపోతాయి. చిక్కంతా దాన్ని రోడ్డెక్కించడంలోనే ఉంది. డబ్బు పెట్టి ఫ్రేము కొనకముందే తెలుసుకోవాల్సిన సంగతులివి.

ఇంజిన్ లేకపోయినా వాహనమే

‘ఇంజిన్ లేదు కదా, దీనికి రిజిస్ట్రేషన్ ఎందుకు’ అనుకోవడం సహజం. 1988 మోటారు వాహనాల చట్టం అలా అనుకోవడం లేదు. ‘మోటారు వాహనం’ అన్న మాటకు సెక్షన్ 2(28) ఇచ్చిన నిర్వచనంలోనే ట్రెయిలర్ ఉంది. బాడీ ఇంకా కట్టని ఉత్త ఛాసిస్ కూడా ఉంది. అంటే మీరు తెచ్చుకున్న ఫ్రేము మీద ఒక్క చెక్క బిగించకముందే అది చట్టం లెక్కలోకి వచ్చేస్తుంది. పల్లెల్లో ట్రాక్టరుకు ఒక నంబరు, వెనక ట్రక్కుకు ఇంకో నంబరు ఉండటం చూసే ఉంటారు. కారణం ఇదే. మీ క్యాంపర్‌కూ కారుతో సంబంధం లేకుండా సొంత నంబరు, సొంత ఆర్సీ, సొంత బీమా కావాలి.

మరి సర్కారు జాబితాలో ఇలాంటి బండికి చోటు ఉందా? ఉంది. ఈ సంగతి చాలామందికి తెలియదు. 2004 నవంబరు 5న కేంద్రం వాహనాల రకాలను నోటిఫై చేసినప్పుడు, రవాణాయేతర వాహనాల జాబితాలో ‘సొంత వాడకానికి క్యాంపర్ వ్యాన్ లేదా ట్రెయిలర్’ అని విడిగా చేర్చింది. కాబట్టి కౌంటర్‌లో ఎవరైనా ‘అలాంటి క్లాసే లేదు’ అంటే నమ్మి వెనక్కి రావద్దు. క్లాస్ ఉంది. అందులోకి వెళ్లే దారే ఇరుకు.

ఆ ఇరుకు ఎక్కడంటే

కొత్త వాహనం రిజిస్ట్రేషన్‌కు ఏమేం జతచేయాలో 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 47వ నియమం చెబుతుంది. ఫారం 20 దరఖాస్తుతో పాటు అమ్మకందారు ఇచ్చే ఫారం 21, బండి రోడ్డుకు పనికొస్తుందని తయారీదారు ఇచ్చే ఫారం 22, బీమా, చిరునామా రుజువు ఉండాలి. బాడీ వేరేచోట కట్టిస్తే బాడీ బిల్డర్ సంతకంతో ఫారం 22ఏ కూడా కావాలి. ట్రెయిలర్ విషయంలో వీటికి తోడు ఇంకొకటి అడుగుతుంది: ఆ డిజైన్‌ను రాష్ట్ర రవాణా అథారిటీ గానీ, రవాణా కమిషనర్ గానీ, రాష్ట్రం నిర్ణయించిన మరో అధికారి గానీ ఆమోదించిన ఉత్తర్వుల ప్రతి.

ఇప్పుడు మీ తుక్కు ఫ్రేము సంగతి చూడండి. తయారీదారు ఎవరో తెలియదు, ఫారం 21 లేదు, 22 లేదు. ఆటోనగర్‌లో వెల్డింగ్ చేసిన మేస్త్రీ ఎంత పనిమంతుడైనా ఫారం 22 మీద అతని సంతకం చెల్లదు. వాహనాన్ని తయారుచేసి అమ్మే సంస్థలైతే పుణెలోని ఏఆర్‌ఏఐ, సీఐఆర్‌టీ, మానేసర్‌లోని ఐక్యాట్ వంటి పరీక్షా సంస్థల్లో నమూనాను పరీక్ష చేయించుకుని సర్టిఫికెట్ తెచ్చుకుంటాయి. వందల బండ్లు అమ్మే కంపెనీకి ఆ ఖర్చు లెక్కలోది కాదు. ఇంటి వెనక ఒకే ఒక్క బండి కట్టుకునే వ్యక్తికి అది బండి ఖరీదునే మించిపోవచ్చు.

అమెరికా వీడియోలకూ మనకూ తేడా ఇక్కడే. అక్కడ చాలా రాష్ట్రాల్లో సొంతంగా కట్టుకున్న ట్రెయిలర్‌కు విడిగా ఒక పద్ధతి ఉంది. విడిభాగాల బిల్లులు చూపించి, తనిఖీ చేయించుకుంటే ప్రభుత్వమే గుర్తింపు నంబరు కేటాయిస్తుంది. మన నియమాలు తయారీదారు అంటే కంపెనీ అనే ఊహ మీద రాసినవి. సామాన్యుడు తన కోసం ఒక చిన్న ట్రెయిలర్ కట్టుకుంటే, దాని బ్రేకులు, లైట్లు, కొక్కెం చూసి నంబరిచ్చే సులువైన ఏర్పాటు మనకు లేకపోవడం లోపమే. అలాగని ఆ లోపం చూపించి రోడ్డెక్కిస్తే చెకింగ్‌లో ఎవరూ ఒప్పుకోరు.

ఆర్సీ ఉన్న పాత ట్రెయిలర్ కొంటే?

కొంత మేలు. పేరు మార్పు వరకు ఇబ్బంది లేకుండా జరుగుతుంది. కానీ ఆర్సీలో ‘ఓపెన్ బాడీ’ అని ఉన్న ట్రక్కు మీద నాలుగు గోడలు, కప్పు, మంచం బిగిస్తే అది సెక్షన్ 52 కిందకు వస్తుంది. వాహనం మౌలిక స్వరూపం మారేలా నిర్మాణంలో చేసే ఏ మార్పయినా చట్టం భాషలో ‘ఆల్టరేషన్’. తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడానికి వీల్లేదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ ఆర్టీఓ కేసులో స్పష్టంగా చెప్పింది. అంతకుముందు కేరళ హైకోర్టు ఇచ్చిన వెసులుబాటును కొట్టేసింది. అదే ఏడాది వచ్చిన చట్ట సవరణతో, అనుమతి లేని మార్పుకు యజమానికి 6 నెలల దాకా జైలు లేదా ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా లేదా రెండూ పడే అవకాశం వచ్చింది.

ఇది కాగితం మీది మాట కాదు. 2021 ఆగస్టులో కేరళలోని కన్నూర్‌లో ఇద్దరు యూట్యూబర్ అన్నదమ్ముల క్యాంపర్ వ్యాన్‌ను అక్రమ మార్పుల పేరిట మోటారు వాహనాల శాఖ స్వాధీనం చేసుకుంది. ఆర్టీఓ ఆఫీసులో గొడవ జరిగి అరెస్టుల దాకా వెళ్లింది. విచిత్రం ఏమిటంటే, మరుసటి నెలలోనే కేరళ ప్రభుత్వం క్యారవాన్ టూరిజం విధానాన్ని ప్రకటించింది. రెండింటికీ వైరుధ్యం లేదన్నది అధికారుల వాదన కావచ్చు: ఆమోదం ఉన్న క్యారవాన్ వేరు, సొంతంగా మార్చుకున్నది వేరు.

ఇక తుక్కుగా నమోదైన బండి ఫ్రేము జోలికి పోవద్దు. శాశ్వతంగా పనికిరాకుండా పోయిన బండి గురించి యజమాని 14 రోజుల్లో రవాణా శాఖకు చెప్పాలి, అప్పుడు రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. ఒకసారి రద్దయిన నంబరును ఫ్రేముతో పాటు కొనుక్కోలేరు. ఛాసిస్ నంబరు కోసేసినట్టో, గీకేసినట్టో కనిపిస్తే బేరమే ఆడకండి. రేపు అది దొంగ బండిదని తేలితే మీ ప్లైవుడ్‌తో సహా స్టేషన్‌లో ఉంటుంది.

పట్టుబడితే జరిమానా, ప్రమాదం జరిగితే ఆస్తి

రిజిస్ట్రేషన్ లేకుండా నడిపితే మొదటిసారి రూ.2,000 నుంచి రూ.5,000 జరిమానా, మళ్లీ దొరికితే రూ.10,000 దాకా, ఏడాది వరకు జైలు కూడా పడొచ్చు. సెక్షన్ 207 కింద బండిని అక్కడే ఆపేసుకోవచ్చు. ఇవన్నీ ఒక ఎత్తు. అసలు భయపడాల్సింది బీమా గురించి.

ఆర్సీ లేని ట్రెయిలర్‌కు థర్డ్ పార్టీ పాలసీ రాదు. ఘాట్ రోడ్డులో కొక్కెం ఊడి వెనక వస్తున్న బైకు మీదకు వెళ్లిందనుకోండి. ప్రాణం పోయినప్పుడు ట్రిబ్యునల్ నిర్ణయించే పరిహారానికి గరిష్ఠ పరిమితి లేదు. మీ కారు పాలసీ ఉంది కదా అనుకుంటే, ఆ కంపెనీ షరతుల ఉల్లంఘన అని వాదిస్తుంది. కోర్టు ముందు బాధితులకు చెల్లించమని ఆదేశించినా, తర్వాత ఆ సొమ్మును మీ దగ్గర వసూలు చేసుకునే హక్కును కంపెనీకి ఇవ్వొచ్చు. కుటుంబం తిరగడానికి కట్టుకున్న బండి ఇంటినే అమ్మించే స్థితి అది.

కొక్కెం ఊడటం ఊరికే భయపెట్టడానికి చెప్పిన మాట కాదు. మన దగ్గర తుక్కులో ఎక్కువగా దొరికేవి ట్రాక్టరు ట్రక్కుల ఫ్రేములు. అవి ఖాళీగానే టన్ను దాటేవి ఉంటాయి, నిదానంగా పోయే ట్రాక్టరు కోసం చేసినవి. కారు వెనక 80 కిలోమీటర్ల వేగానికి కాదు. వాటిలో చాలావాటికి సొంత బ్రేకులు ఉండవు. పైన కట్టే బరువు కూడా తెలియకుండానే పెరుగుతుంది. 12 ఎంఎం ప్లైవుడ్ 8x4 షీటు ఒక్కటే 20 కిలోలు దాటుతుంది. 100 లీటర్ల నీళ్లంటే 100 కిలోలు. ఇన్వర్టర్ బ్యాటరీ మరో 50 కిలోల పైమాటే. భారతీయ ప్రమాణాల్లో అతి తేలికైన టీ1 తరగతి ట్రెయిలర్ మొత్తం బరువు 750 కిలోలు మించకూడదు. ట్రాక్టరు ఫ్రేముతో అది అయ్యే పని కాదు. బరువు వెనక్కి పడితే ట్రెయిలర్ తోక ఊపినట్టు ఊగుతుంది, కారునూ లాగేస్తుంది. మీ కారు మాన్యువల్‌లో లాగగల బరువు రాసుందో లేదో చూడండి. రాసి లేకపోతే కంపెనీ దాన్ని లాగడానికి చేయలేదని అర్థం చేసుకోవడమే మేలు.

మరి ఏం చేయొచ్చు?

అన్నిటికన్నా తేలిక, కారు లేదా వ్యాన్ నిర్మాణాన్ని ముట్టుకోకుండా తీసిపెట్టే సామాను వాడటం. మడత మంచం, పెట్టెలో అమర్చిన వంట సరంజామా, 5 కిలోల చిన్న సిలిండర్, పైన టెంటు బట్ట. వెల్డింగ్, బోల్టులు లేకుండా దించేయగలిగితే బండి ఆర్సీలో ఉన్నట్టే ఉంటుంది. వంట మాత్రం బండి బయటే.

రెండోది, ఆమోదం ఉన్నది కొనడం. ఇంజిన్ ఉన్న క్యారవాన్లకు ఏఐఎస్-124 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం సర్టిఫికెట్ ఉన్న తయారీదారు దగ్గర కొంటే రిజిస్ట్రేషన్ మామూలు బండి లాగే జరుగుతుంది. అమ్మేవాళ్లు ‘మేం చూసుకుంటాం సార్’ అంటే సరిపోదు, అడ్వాన్స్ ఇవ్వకముందే సర్టిఫికెట్ ప్రతి అడగండి.

ఫ్రేము ముందే కొనేసినవాళ్లకు పొలం ఉంటే ఇంకో దారి. లారీ మీద వేసుకుని తీసుకెళ్లి పొలంలో దింపి, గదిలా వాడుకోవచ్చు. చక్రాల మీద రోడ్డు మీదకు లాగనంత వరకు పైన చెప్పిన జరిమానాల బెడద ఉండదు.

ఇవేవీ కాదు, ట్రెయిలరే కావాలి అనుకుంటే తుక్కు ఫ్రేము వదిలేసి, డిజైన్ ఆమోదం ఉన్న తయారీదారు దగ్గర కొత్త ట్రెయిలర్ చూడండి. చెక్క ముక్క కోయకముందే కొలతలతో గీసిన బొమ్మ పట్టుకుని మీ జిల్లా రవాణా కార్యాలయంలో ఎంవీఐని, అదే మనం బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అనే అధికారిని కలవండి. వెడల్పు 2.6 మీటర్లు దాటకుండా చూసుకోండి. మూడు ప్రశ్నలు రాతపూర్వకంగా అడగండి: సొంత వాడకం క్యాంపర్ ట్రెయిలర్ క్లాస్‌లో రిజిస్టర్ చేస్తారా, డిజైన్ ఆమోదానికి ఎవరికి దరఖాస్తు పెట్టాలి, ఫారం 22ఏ ఎవరి సంతకంతో ఒప్పుకుంటారు. దరఖాస్తు మీద స్టాంపు వేయించుకుని ఒక ప్రతి మీ దగ్గర ఉంచుకోండి. జవాబు రాకపోతే అదే ప్రతితో సమాచార హక్కు దరఖాస్తు పెట్టొచ్చు, ఫీజు 10 రూపాయలు, మామూలుగా 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి.