మూలముతోపాటు వ్యాఖ్యకును సూచిక కావలెను

సూత్రములకు అకారాది సూచిక యొకటి యున్నచో అష్టాధ్యాయి యంతయు చేతికి వచ్చినట్లేయని పాఠశాలలో చదువుకొను దినములలో తలచితిని. కాత్యాయనుని వార్తికములను వెదకవలసి వచ్చినపుడు ఆ భ్రమ తొలగినది. అవి స్వతంత్రగ్రంథముగా లభింపవు. పతంజలి మహాభాష్యములో ఇమిడియే మనకు దక్కినవి. భాష్యమును విడిచిన సూచికలో వార్తికకారుడు కనబడడు.

ఇట్టి లోపమే కంప్యూటరు ప్రోగ్రాముల సూచికలయందును గలదు. సోర్స్ కోడ్‌ను పరిశీలించువారికి సీట్యాగ్స్, సీస్కోప్ మొదలగు సాధనములు కలవు. మొదటిది ప్రధానముగా ఏ పేరు ఏ ఫైలులో ఏ పంక్తియందు నిర్వచింపబడినదో తెలుపును. రెండవది ప్రయోగస్థానములను కూడ చూపును. వ్యాఖ్యలోని మాటను వెదకవలసినచో అదియు సూచికను విడిచి ఫైళ్ళనే మరల చదువవలసియున్నది.

దీనికి కారణము స్పష్టము. కంపైలరుకు వ్యాఖ్యతో పనిలేదు గనుక దానిని విసర్జించును. సూచికలను నిర్మించినవారును ఆ మార్గమునే పట్టిరి. కాని కంపైలరు పని యంత్రము కొరకు, సూచిక పాఠకుని కొరకు. ప్రయోజనము వేరైనపుడు పద్ధతియు వేరు కావలదా? ఒక పంక్తి యేమి చేయునో కోడు చెప్పును; ఎందులకట్లు వ్రాయవలసి వచ్చినదో, దేనిని కదలింపరాదో వ్యాఖ్యయే చెప్పును.

నా శిష్యుడొకడు వ్యాకరణగ్రంథము నొకదానిని ఎక్స్‌ఎంఎల్ రూపమున సిద్ధపరచుచు, ఒక సందిగ్ధపాఠమును తాళపత్రప్రతితో సరిచూచి, దానిని మార్చరాదని వ్యాఖ్యగా వ్రాసియుంచెను. కొన్నియేండ్ల తరువాత వేరొకరు ఆ పదమును శోధింపగా మూలములోని స్థలములు మాత్రమే వచ్చినవి. వారు దోషమని భ్రమించి అన్నిటిని ఒక్కమారుగా ‘సవరించిరి’. సాధుపాఠము పోయి అపపాఠము నిలిచినది. ఇది శ్రద్ధాలోపము కాదు, సూచికాలోపము.

గ్రెప్ ఉండగా వేరు సూచిక యేల యని కొందరందురు. 1973లో వెలువడిన ఆ సాధనము ఉపకారియే. కాని అది అడిగిన ప్రతిసారియు ఫైళ్ళను చదువును. నిర్వచనమేదో వ్యాఖ్యయేదో వివేచింపదు. వ్యాఖ్యలను చేర్చినచో ఫలితములు మితిమీరునను ఆక్షేపము దీనికంటె బలమైనది. దానికి సమాధానము వర్గీకరణము. నిర్వచనము, ప్రయోగము, వ్యాఖ్య, విడి టెక్స్ట్ ఫైలు అని ప్రతి పదమునకు స్థానమును గుర్తించినచో కోరినవాడు కోరినదానినే పొందును. ఓపెన్‌గ్రోక్ అను సాధనము నిర్వచనములను, ప్రయోగములను, పూర్తిపాఠమును వేర్వేరుగా వెదకనిచ్చుచున్నది. కావున ఇది అసాధ్యమని చెప్పుటకు వీలులేదు.

మన భాషల విషయమున మరొక జాగ్రత్త కావలెను. తెలుగులిపి 1991 నుండియు యూనికోడ్‌లో నున్నను, కొన్ని సాధనములు గుణింతపు గుర్తువద్ద పదమును విరిచివేయును. వ్యాఖ్యలను సూచించినను పదము ముక్కలైనచో ఫలమేమి? సంస్కృతమునకు సంధివిచ్ఛేదము కూడ అవసరము.

గ్రంథములను కంప్యూటరున కెక్కించు సహోపాధ్యాయులకు నా మనవి యిదియే. సాధనమును స్వీకరించుటకు ముందు మీ వ్యాఖ్యలోని యొక పదమునిచ్చి వెదకిచూడుడు. అది దొరకనిచో ఆ సూచిక అసంపూర్ణమని యెరుంగుడు.