ఫిట్స్‌కూ సెప్టిక్ ట్యాంకుకూ సంబంధం ఏమిటి? వెల్లూరు పరిశోధన వరంగల్‌కు ఏం చెబుతోంది?

అప్పటిదాకా ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఉన్నట్టుండి ఫిట్స్ వస్తాయి. సీటీ స్కాన్ తీస్తే మెదడులో చిన్న గుండ్రటి మచ్చ కనిపిస్తుంది. అది కణితా, టీబీనా, మరొకటా? ఈ ప్రశ్నకు మన దేశంలో డాక్టర్లు ఇచ్చే జవాబు గత మూడున్నర దశాబ్దాల్లో మారింది. అందులో పెద్ద పాత్ర వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ(సీఎంసీ)లోని న్యూరోసర్జన్లు మాథ్యూ చాందీ, వేదాంతం రాజశేఖర్ బృందానిది. ఆ మార్పు ఆసుపత్రులతో ఆగదు. గ్రేటర్ వరంగల్ మున్సిపల్ కార్పొరేషన్ పనితోనూ దానికి సంబంధం ఉంది.

ముందు ఏమనుకునేవారు?

1980ల్లో ఫిట్స్ రోగుల స్కాన్‌లో ఇలాంటి చిన్న మచ్చ ఒక్కటే కనిపిస్తే ఎక్కువగా టీబీ గడ్డ అనుకునేవారు. నెలల తరబడి టీబీ మందులు వాడించేవారు. కొందరికి ఆపరేషన్లు కూడా జరిగేవి.

వెల్లూరు బృందం అలా తీసిన గడ్డలను మైక్రోస్కోపు కింద పరీక్షించింది. వాటిలో చాలావరకు టీబీ కాదు, బద్దెపురుగు పిల్లదశ తిత్తులని తేలింది. ఈ ఫలితాలు 1989లో ‘లాన్సెట్’ పత్రికలో వచ్చాయి. ఆ తర్వాత వారు ఆపరేషన్ చేయకుండానే వీటిని గుర్తించే కొలమానాలు తయారుచేశారు. మచ్చ ఒక్కటే ఉండాలి, 20 మిల్లీమీటర్లు దాటకూడదు, మెదడులో ఒత్తిడి పెరుగుతున్న లక్షణాలు ఉండకూడదు, ఒంట్లో టీబీ, క్యాన్సర్ లాంటి జబ్బుల జాడ ఉండకూడదు.

ఇలాంటి మచ్చల్లో ఎక్కువ భాగం కొన్ని నెలల్లో వాటంతటవే కరిగిపోతాయి. ఫిట్స్ మందు వాడుతూ, డాక్టర్ చెప్పిన గడువుకు మళ్లీ స్కాన్ తీయించుకుంటే చాలామందికి సరిపోతుంది. అనవసరమైన టీబీ మందులు, తల కోసే ఆపరేషన్లు తప్పడమే ఈ పరిశోధన రోగికి నేరుగా చేసిన మేలు.

ఎంతమందికి ఈ సమస్య?

రాజశేఖర్ బృందం తర్వాత వెల్లూరు జిల్లాలో దాదాపు 50 వేల మందిని సర్వే చేసింది. 2006లో ‘న్యూరాలజీ’ పత్రికలో ప్రచురించిన ఫలితాల ప్రకారం ప్రతి 1,000 మందిలో దాదాపు నలుగురికి మూర్ఛ ఉంది. వారిలో సుమారు మూడో వంతు మందిలో దానికి మూలం ఈ పురుగే. అదే లెక్కన 10 లక్షల జనాభా ఉన్న చోట దాదాపు 4,000 మంది మూర్ఛ రోగులు ఉంటే, వారిలో 1,300 మందికి వచ్చింది నివారించగలిగిన జబ్బన్నమాట.

పంది మాంసం తినకపోతే రాదా?

వస్తుంది. చాలామంది పొరబడేది ఇక్కడే. సరిగ్గా ఉడకని పంది మాంసం తింటే పేగులో బద్దెపురుగు పెరుగుతుంది. ఆ మనిషి మలంలో పురుగు గుడ్లు బయటకు వస్తాయి. అవి చేతుల ద్వారానో, నీటి ద్వారానో, సరిగ్గా కడగని కూరగాయల ద్వారానో ఇంకొకరి కడుపులోకి చేరితే, పిల్లదశ పురుగులు రక్తంలో కలిసి మెదడుకు వెళ్తాయి. మాంసం ముట్టని వారికీ ఈ జబ్బు రావడానికి కారణం ఇదే. పురుగు ఉన్న మనిషికి, ఆ ఇంట్లో వారికి ముప్పు మరీ ఎక్కువ. బహిరంగంగా పడిన మలం పందులు తింటే చక్రం మళ్లీ మొదలవుతుంది.

వరంగల్‌లో చూడాల్సింది ఏమిటి?

ఈ చక్రాన్ని తెంచేది మరుగుదొడ్డి ఒక్కటే కాదు. సెప్టిక్ ట్యాంకు నిండాక ఆ మలం ఎక్కడికి వెళ్తోందన్నది కూడా ముఖ్యమే. ట్యాంకర్ దాన్ని చెరువు కట్ట దగ్గరో పొలంలోనో వదిలేస్తే గుడ్లు మళ్లీ నేలలోకి, నీటిలోకి చేరతాయి.

ఈ విషయంలో వరంగల్ ముందే మేల్కొంది. మల వ్యర్థాల నిర్వహణకు 2016లోనే ప్రత్యేక నిబంధనలు తెచ్చుకుంది. ఇలా చేసిన తొలి నగరాల్లో ఇదొకటి. హైదరాబాద్‌లోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ ఇందుకు తోడ్పడింది. అమ్మవారిపేటలో శుద్ధి కేంద్రం కూడా ఏర్పాటైంది. మన కార్పొరేషన్ దీన్ని పారిశుద్ధ్యం పద్దులో రాసుకుంటుంది. వెల్లూరు లెక్కలు చూశాక ఇది మూర్ఛ నివారణ పని కూడా అని ఒప్పుకోవాలి. రోడ్ల మీద పందుల సంచారం, మాంసం తనిఖీ కూడా ఈ కోవలోవే.

ఫిట్స్ వస్తే ఏం చేయాలి?

• రోగిని పక్కకు తిప్పి పడుకోబెట్టండి. చేతిలో తాళాలు పెట్టడం, ముక్కు దగ్గర ఉల్లిపాయ ఉంచడం వల్ల ఉపయోగం లేదు. నోట్లో ఏమీ పెట్టొద్దు. 5 నిమిషాలు దాటినా ఆగకపోతే 108కి ఫోన్ చేయండి.

• మొదటిసారి ఫిట్స్ వస్తే ఎంజీఎం లాంటి పెద్దాసుపత్రిలో చూపించుకోండి. ఫెనిటాయిన్, కార్బమాజెపిన్, వాల్‌ప్రోయేట్ వంటి మందులు జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం సరైన చికిత్స అందితే 70 శాతం మంది వరకు ఫిట్స్ లేకుండా బతకగలరు.

• స్కాన్‌లో మచ్చ ఉందంటే ‘ఎన్ని ఉన్నాయి, సైజు ఎంత, టీబీ అనడానికి ఆధారం ఏమిటి, మళ్లీ స్కాన్ ఎప్పుడు’ అని డాక్టర్‌ను అడగండి. మెదడులో టీబీ కూడా రావచ్చు కాబట్టి రాసిన మందులు సొంతంగా ఆపొద్దు.

• నులిపురుగుల మాత్ర ఆల్బెండజోల్‌ను మెదడులోని తిత్తుల కోసం సొంతంగా మింగొద్దు. పురుగు చనిపోయేటప్పుడు మెదడు వాచి ఫిట్స్ పెరగొచ్చు.

• ఇంట్లో అందరికీ మల పరీక్ష అవసరమా అని డాక్టర్‌ను అడగండి. బద్దెపురుగు ఉన్న మనిషికి చికిత్స చేస్తే మిగతావారికి ముప్పు తగ్గుతుంది.

• సెప్టిక్ ట్యాంకు తోడించేటప్పుడు కార్పొరేషన్ లైసెన్సు ఉన్న వాహనాన్నే పిలవండి. లోడు ఎక్కడ వదులుతున్నారో అడగండి. శుద్ధి కేంద్రానికి కాకుండా మరెక్కడైనా పోస్తుంటే కార్పొరేషన్‌కు ఫిర్యాదు చేయండి.