వరయాడును చూడబోయే ముందు వేటగాళ్ల దగ్గర నేర్చుకోవలసింది



ఈ ఏడాది కుటుంబ యాత్ర ఆనైమలై కొండల మీదికి పోదామని, పిల్లలకు వరయాడును చూపిద్దామని మన గ్రూపులో మాట వచ్చింది. మంచి మాట. రెండు బస్సులు, వంద మంది, పైన టిఫిను, ఓపిక ఉన్నవాళ్లు గుట్ట ఎక్కి రావడం, కిందికి దిగి భోజనం అని లెక్క కూడా వేసేశారు. యాత్రకు మేము అడ్డం కాదు. ఈ లెక్క మాత్రం మాకు నచ్చలేదు. ఎందుకో కాస్త వివరంగా రాస్తున్నాం, ఓపికగా చదవండి.

అరవంలో ‘వరై’ అంటే కొండ, ‘ఆడు’ అంటే మేక. తెలుగు మాటలో మనం ఆడు అంటే ఆట అనుకుంటాం. నిట్టనిలువు బండ మీద అది దూకడం చూస్తే ఆ అర్థమూ సరిపోతుంది! నీలగిరి తార్ అని పుస్తకాల్లో రాసేది దీన్నే. పశ్చిమ కనుమల్లో, అదీ తమిళనాడు, కేరళ కొండల్లో తప్ప లోకంలో మరెక్కడా అడవిలో తిరగదు. తమిళనాడు రాష్ట్ర జంతువు. కోయంబత్తూరు, పొల్లాచ్చి, ఉడుమలపేట వైపు తరతరాలుగా ఉంటున్న మనవాళ్ల పొలాలకు ఆళియార్, అమరావతి నీళ్లు వచ్చేది ఈ కొండల నుంచే. అది మేసే గడ్డి మైదానాలు, వాటి మధ్య ఉండే శోల అడవులే వానను పట్టి ఉంచి వాగుల్లోకి వదులుతాయి. కాబట్టి దీన్ని ఊరికే జూలో జంతువును చూసినట్టు చూసి వచ్చేయలేం.

ఒకప్పుడు దీన్ని చూడడానికి కాదు, చంపడానికి పోయేవాళ్లు. ఊటీలో మకాం పెట్టిన ఇంగ్లీషు దొరలు దీన్ని నీలగిరి ఐబెక్స్ అని పిలిచి, నడుము మీద తెల్లటి జీను మచ్చ ఉన్న ముదురు పోతుల కోసం కొండలన్నీ తిరిగారు. వేట మితిమీరితే 1879లో మద్రాసు ప్రభుత్వం నీలగిరి వేట జంతువులు, చేపల రక్షణకు చట్టం తేవలసి వచ్చింది. 1972 వన్యప్రాణి రక్షణ చట్టంతో వేట చట్టవిరుద్ధమైంది. అది పోవలసిందే, పోయింది.

అయితే ఆ వేట ఎలా సాగేదో ఒకసారి చూడండి. ఒకరిద్దరే పోయేవాళ్లు. కొండను ఎరిగిన స్థానికుడు ఒకడు ముందు నడిచేవాడు. చీకటితోనే బయలుదేరి, గాలి వాటం చూసుకుని, మందకు పైవైపుకు చేరేవాళ్లు. మంద మేస్తున్నా, పడుకున్నా ఒక ఆడది కాపలా కాస్తుంది. దాని చూపు ఎక్కువగా కింది లోయ మీదే ఉంటుంది. మంచు కమ్మితే కదలకుండా కూర్చునేవాళ్లు. దారి చూపేవాడు ‘ఇవాళ వద్దు’ అంటే దొర కూడా వెనక్కి తిరగవలసిందే, ఎందుకంటే అడుగు తప్పితే కింద లోయ. కొమ్ములు దొర బంగళా గోడకెక్కేవి. దారి చూపినవాడి పేరు మాత్రం చాలావరకు ఎక్కడా కనపడదు.

మేము చెప్పదలచింది ఇదే. చంపడానికి పోయినవాడు చేసుకున్నపాటి ఏర్పాటు, చూడడానికి పోయే మనం చేసుకోకపోతే ఎలా? తుపాకి ఒక్కటి తీసేసి మిగతా పద్ధతంతా మనం తీసుకోవాలి. కొద్దిమంది, కొండ ఎరిగిన గైడు, సరైన కాలం, వెనక్కి తిరిగే ఓపిక. దీనికి తోడు, ఆ రోజుల్లో జరగనిది ఒకటి మనం చేయాలి: గైడుకు సరైన కూలి, సరైన మర్యాద.

ఇది భయపెట్టడానికి చెబుతున్నది కాదు. 2018 మార్చి 11న తేని జిల్లా కురంగణి కొండల్లో జరిగింది మనలో ఎవరూ మరిచిపోలేదు. చెన్నై, ఈరోడ్ వైపు నుంచి సరదాగా కొండ ఎక్కిన బృందాలు ఎండుగడ్డిలో లేచిన మంటల మధ్య చిక్కుకుపోయాయి. ఇరవై మందికి పైగా పోయారు. అందరూ మన పిల్లల ఈడువాళ్లే. ఎండాకాలంలో ఆ గడ్డి ఎంత వేగంగా అంటుకుంటుందో, ఏ వైపు పరుగెత్తాలో ఆ కొండలో పుట్టినవాడికి తెలుస్తుంది. ఫోనులో మ్యాపు చూసుకునేవాడికి తెలియదు. ఆ దుర్ఘటన తర్వాతే ట్రెక్కింగ్‌కు ప్రభుత్వం కొత్త నియమాలు తెచ్చింది. 2024 అక్టోబరులో ‘ట్రెక్ తమిళనాడు’ పేరుతో 40 దారులు తెరిచి, స్థానిక, గిరిజన యువతకు శిక్షణ ఇచ్చి గైడ్లుగా పెట్టింది. సులువు, మధ్యస్తం, కష్టం అని దారులను విడగొట్టింది. ఇంత ఏర్పాటు చేతికి అందుతుంటే ‘మనకు తెలిసినవాడొకడు ఉన్నాడు, తీసుకెళ్తాడు’ అనడం ఎందుకు?

ఇక జంతువు సంగతి. 2025 లెక్కల్లో తమిళనాడులో 1,303, కేరళలో 1,365 తేలాయి. రెండు రాష్ట్రాలూ కలిపి మూడు వేలకు తక్కువ! మన సంక్రాంతి జాతరకు వచ్చే జనమే అంతకంటే ఎక్కువ. వాల్పారై ఘాటు రోడ్డు 40 మలుపుల్లో తొమ్మిదో మలుపు దగ్గర ఇవి రోడ్డు పక్కకే వస్తాయి. అక్కడ బండ్లు ఆపి చిప్స్ పెట్టేవాళ్లను, కొమ్ము పక్కన తల పెట్టి సెల్ఫీ తీసుకునేవాళ్లను మనమే చూశాం. మనిషికి అలవాటు పడిన మేక బండి కింద పడుతుంది. వంద మంది ఒక్కసారి దిగి కేకలు వేస్తే, పిల్లతో ఉన్న తల్లి బండ మీదికి పరుగెత్తుతుంది.

‘సంఘం అంటేనే అందరూ కలిసి పోవడం, విడదీస్తే ఎలా?’ అని పెద్దలు అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్నే. మోకాళ్ల నొప్పి ఉన్న అత్తయ్యలకూ, ఏడేళ్ల మనవడికీ వరయాడును చూసే హక్కు ఉంది. అందుకే మా సూచన ఇది. పెద్దలు, చిన్నపిల్లలు మున్నారు దగ్గర ఎరవికుళం పార్కులోని రాజమలైకి పోదాం. అక్కడ అటవీ శాఖ బండే పైకి తీసుకెళ్తుంది, తారు రోడ్డు మీద నిదానంగా నడిస్తే చాలు, మేకలు దగ్గరలోనే మేస్తుంటాయి. పిల్లలు పెట్టే కాలంలో, ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆ పార్కు మూస్తారు, కాబట్టి తేదీ ముందే చూసుకోవాలి. నడవగల యువకులు విడిగా, చిన్న బృందాలుగా, అనుమతి ఉన్న దారిలో, గైడుతో పోనివ్వండి. రాత్రికి అందరం ఒక చోట చేరి భోజనం చేద్దాం. కలిసి ఉండడానికి అది చాలదా?

రెండు షరతులు మాత్రం ముందే ఒప్పుకోవాలి. ఒకటి, కొండ మీద గైడు మాటే చివరి మాట. మన అధ్యక్షులవారైనా సరే, ‘డబ్బు కట్టాం కదా’ అని వాదించకూడదు. మంచు కమ్మిందని అతను వెనక్కి తిప్పితే, మేకను చూడకుండానే దిగుదాం. రెండు, గైడుకు కట్టవలసిన రుసుములో బేరం వద్దు. భోజనం ఖర్చు తగ్గించుకుందాం.

వచ్చే సమావేశంలో బస్సుల సంఖ్య మాట్లాడే ముందు తేదీ, అనుమతి, గైడు ఈ మూడూ మాట్లాడదాం. మీకు వేరే ఆలోచన ఉంటే ఇక్కడే రాయండి, చదివి జవాబిస్తాం. ఇంతకు ముందు ఆ దారుల్లో నడిచిన మన పిల్లలు ఎవరైనా ఉంటే వాళ్లను తప్పక తీసుకురండి. వాళ్ల అనుభవం వినాలని ఉంది.