కత్తీ, మంత్రమూ ఒక్కడికేనా?

'పాతాళభైరవి' (1951)లో కత్తి తోటరాముడిది, మంత్రం నేపాళ మాంత్రికుడిది. రెండూ ఒక్కడికే ఇస్తే? బెల్జియంకు చెందిన లారియన్ స్టూడియోస్ వారు 2023లో విడుదల చేసిన 'బాల్డర్స్ గేట్ 3' వీడియో గేమ్‌లో ఆ ముచ్చటా తీరుతుంది. నలుగురి జట్టు. ఒక్కొక్కరికీ 12 లెవెల్సే. వాటిని ఎలా పంచాలన్నదే తంటా!

నా ఓటు ఫైటర్‌కి 1, విజార్డ్‌కి, అంటే మాంత్రికుడికి, 11. అయితే మొట్టమొదటి లెవెల్ ఫైటర్‌దే కావాలి సుమండీ! బరువైన కవచం తొడిగే అర్హత, దెబ్బ తిన్నా మంత్రం మీద పట్టు తేలిగ్గా జారని నిబ్బరం అప్పుడే వస్తాయి. విజార్డ్‌గా మొదలెట్టి తర్వాత ఫైటరైతే ఆ రెండూ దక్కవు.

పట్టు జారితే ఏమవుతుందంటారా? మీవాడు తోటివాడి మీద 'హేస్ట్' మంత్రం వేశాడనుకోండి. ఆ తోటివాడు శత్రువుల మధ్య చెలరేగిపోతుంటాడు. ఇంతలో మంత్రం తెగిందా, ఒక వంతు పాటు కొయ్యబారి నిలబడిపోతాడు. చావు వాడిది, తప్పు మాంత్రికుడిది!

ఫైటర్‌కి 2 ఇస్తే అదే వంతులో మరో పని చేయించే 'యాక్షన్ సర్జ్' వస్తుంది, నిజమే. కానీ ఆరో స్థాయి మంత్రాలు పోతాయి. ఫైటొకటి పెంచి క్లైమాక్స్ కత్తిరించినట్టు కాదూ!