వైద్యుడు నిలిచే ఊరు

అనంతపురం పీఠభూమిలో వాన వలెనే వైద్యుడూ అరుదుగా వస్తాడు, వచ్చినా నిలవడు. నియామకపు ఉత్తర్వు అతనిని ఊరికి తేగలదు గాని ఊరిలో ఉంచలేదు. గ్రామసేవ చేసిన వైద్యులకు పి.జి. సీట్లలో ప్రత్యేక వాటా ఉంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దానిని 2024లో తగ్గించగా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులు ఆందోళనకు దిగారు. వారి కోరిక న్యాయమైనదే. అయినా, ఊరికి రప్పించే ఆశ ఊరు విడిచే అవకాశమే కావడం ఎంత విచిత్రం!

1969లో అనంతపురం వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ నెలకొల్పిన ఆర్.డి.టి. సంస్థ 2000లో బత్తలపల్లిలో ఆసుపత్రి తెరిచింది. అక్కడే పల్లె ఆడపిల్లలకు నర్సు శిక్షణ కూడా ఇచ్చింది. నా దృష్టిలో ఆసుపత్రి భవనం కంటే ఈ రెండవదే గొప్ప పని.

కదిరి, హిందూపురం ప్రాంతాలలో ఇంట ఉర్దూ తప్ప వేరు భాష అంతగా వాడని స్త్రీలున్నారు. కన్నకొడుకును దుబాసీగా నిలబెట్టుకొని ఏ తల్లి తన గర్భకోశ వ్యాధిని వివరించగలదు? ఆ ఊరి బాలికే నర్సయి వస్తే ఆ తల్లి నోరు విప్పుతుంది. ఆ బాలికకు మాత్రం నీళ్లున్న ఇల్లు, రాత్రి విధులలో గడియ పడే గది, తోడుగా మరొక నర్సు ఉండాలి.

మరి మన కళాశాలలో సైన్సు చదివే సోదరీమణులలో ఎందరిని ఇంటివారు ఈ వృత్తికి పంపుతున్నారు? "నర్సు పని మనకు తగదు" అనే పెద్దలే, కాన్పు వేళ లేడీ డాక్టరు ఎక్కడని అడుగుతారు.