కారు పోటీలో కనబడని ఆదిత్యపూర్

బ్యాటరీ కారు గెలుస్తుందా, హైడ్రోజన్ కారు గెలుస్తుందా అని పత్రికలూ టీవీలూ ఏళ్ల తరబడి కోడిపందెం నడుపుతున్నాయి. 2022 మార్చిలో కేంద్రమంత్రి నితిన్ గడ్కరీ టొయోటా మిరాయ్‌లో పార్లమెంటుకు వెళ్లాక ఆ సందడి ఇంకా పెరిగింది. ‘నీళ్లతో నడిచే కారు’ అన్న మాట ఇప్పటికీ వింటూనే ఉన్నాం. అది నీళ్లతో నడవదు, నీళ్లను వదులుతుంది. నడవడానికి కావలసిన హైడ్రోజన్‌ను ఎవరో ఎక్కడో తయారుచేయాలి.

నీటిని విడగొట్టి కిలో హైడ్రోజన్ తీయాలంటే 50 యూనిట్లకు పైగా కరెంటు పడుతుంది. ఆ కిలోతో మిరాయ్ సుమారు 100 కిలోమీటర్లు వెళ్తుంది. అదే కరెంటు బ్యాటరీ కారుకు ఎక్కిస్తే దాదాపు 300 కిలోమీటర్లు నడుస్తుంది. మిరాయ్‌కి పెద్ద మార్కెట్ అయిన కాలిఫోర్నియాలోనే షెల్ కంపెనీ 2024లో కార్ల హైడ్రోజన్ బంకులు మూసేసింది. కార్ల వరకు తీర్పు వచ్చినట్టే. పందెం మాత్రం ఆగలేదు.

మా టాటానగర్‌కు, అంటే జంషెడ్‌పూర్‌కు సంబంధించిన కథ కార్లది కాదు, లారీలది. టాటా మోటార్స్, కమిన్స్ కలిసి పెట్టిన సంస్థ ఇక్కడ హైడ్రోజన్ ఇంజన్ల తయారీకి 2023లో ఝార్ఖండ్ ప్రభుత్వంతో 354 కోట్ల పెట్టుబడి ఒప్పందం చేసుకుంది. 2025 మార్చిలో టాటా మోటార్స్ 16 హైడ్రోజన్ లారీలను ప్రయోగాత్మకంగా రోడ్డెక్కించింది. అవి తిరిగే చోట్లలో జంషెడ్‌పూర్, కళింగనగర్ కూడా ఉన్నాయి.

ఆ లారీలు రెండు రకాలు. ఒకదానిలో ఫ్యూయల్ సెల్ హైడ్రోజన్‌ను కరెంటుగా మార్చి మోటారు తిప్పుతుంది. రెండోది హైడ్రోజన్‌ను ఇంజన్లోనే మండిస్తుంది. నేను చదివిన వార్తల్లో చాలావరకు రెండింటినీ కలిపి ‘హైడ్రోజన్ లారీ’ అనేశాయి. ఇక్కడ బతికేవాళ్లకు ఆ తేడాలోనే అన్నం ఉంది. మండించే ఇంజన్‌కు పిస్టన్ కావాలి, సిలిండర్ బ్లాకు కావాలి, క్రాంక్ షాఫ్ట్ కావాలి. ఫ్యూయల్ సెల్ లారీకి గానీ, బ్యాటరీ లారీకి గానీ ఇవేవీ అక్కర్లేదు. టెల్కో (టాటా మోటార్స్ పాత పేరు, మేమింకా అలాగే అంటాం) ఆర్డర్ల మీద ఆధారపడి పక్కనే ఉన్న ఆదిత్యపూర్‌లో ఎన్నో చిన్న షెడ్లు పోత పోస్తున్నాయి, లేతులు తిప్పుతున్నాయి. శ్రీకాకుళం, విజయనగరం నుంచి తాతల కాలంలో వచ్చిన మనవాళ్ల పిల్లలు అలాంటి షెడ్లలో టర్నర్లు, ఫిట్టర్లు. ఈ ఏడు పిల్లాణ్ణి ఐటీఐలో ఏ ట్రేడులో చేర్పించాలో తేల్చుకోవడానికి అక్కడి ఒక తండ్రికి పత్రిక ఇచ్చిన సాయం ఏమిటి?

హైడ్రోజన్ వ్యర్థమని నేననను. 2023 ఏప్రిల్‌లో టాటా స్టీల్ ఇక్కడి ‘ఈ’ బ్లాస్ట్ ఫర్నేస్‌లోకి హైడ్రోజన్ పంపి చూసింది. కోక్ వాడకాన్ని తగ్గించడమే దాని ఉద్దేశం. ఉక్కు కొలిమిలో బ్యాటరీ చేయగలిగిందేమీ లేదు, హైడ్రోజన్ చేయగలదు. అయితే దాన్ని బొగ్గు కరెంటుతో తీస్తే పొగ ఫర్నేస్ నుంచి పవర్ హౌసుకు మారుతుందంతే. బొగ్గు గనుల రాష్ట్రంలో ఉండి ఈ సంగతి రాయకపోతే అది సగం వార్తే.

లారీల ప్రయోగం 24 నెలల దాకా సాగుతుంది. ఫలితాలు ప్రకటించే రోజున విలేకరులు ఫొటోలు తీసుకుని వచ్చేయకూడదు. కిలోమీటరుకు ఖర్చెంత, హైడ్రోజన్ దేనితో తీశారు, రెండు రకాల్లో ఏది ముందుకు పోతోంది, దాని విడిభాగాలు ఆదిత్యపూర్‌కు వస్తాయా అని నిలదీసి జవాబు రాబట్టాలి.