గెంతే గింజని కోసి చూడాలా, వద్దా?

మెక్సికో గెంతే గింజల గురించి వినే ఉంటారు. అరచేతిలో పెట్టుకుంటే ఆ వెచ్చదనానికే టిక్కుటిక్కున ఎగురుతాయి. అమెరికాలో పిల్లల ఆటవస్తువుగా తెగ అమ్ముడుపోయాయి. నిజానికి అది గింజ కాదు, కాయలో ఓ ముక్క. దాన్ని ఎగరేసేది లోపలున్న ఓ చిమ్మట తాలూకు చిన్న గొంగళిపురుగు. లోపలి గింజంతా తినేసి, పట్టుదారంతో గోడలకి అతుక్కుని, ఎండ తగిలితే ఒళ్ళు విదిలిస్తుంది. నీడకి చేరకపోతే మాడిపోతుంది మరి.

నీడ ఎటుందో దానికెలా తెలుస్తుంది? తెలీదు! ఎటు పడితే అటు గెంతుతుందని 2023లో సియాటిల్ విశ్వవిద్యాలయం వాళ్ళు లెక్కగట్టారు. మన భాషలో రాండమ్ వాక్. ఒకే దిక్కుకి తిన్నగా పోతే నీడ త్వరగా దొరకొచ్చు, దిక్కు తప్పితే అసలు దొరక్కపోవచ్చు. ఇలా తిరిగితే ఆలస్యమైనా దొరికే అవకాశం ఎక్కువట. రిలీజ్ ముందురోజు మన డీబగ్గింగూ ఇంతే కదా :)

1934లో పారిస్‌లో ఈ గింజల మీదే పెద్ద గొడవైంది. కోసి చూద్దామన్నాడు రోజే కైవా. అప్పుడే వద్దు, వింత పోతుందన్నాడు కవి ఆండ్రే బ్రెటన్. ఆ ఏడాది చివర్లోనే కైవా ఆ బృందం నుంచి బయటికొచ్చేశాడు.

నాది కైవా పక్షం. చూస్తే వింత పోదు, పెరుగుతుంది. కాయకి చిన్న చిల్లు పెడితే పురుగు పట్టుదారంతో తనే పూడ్చేసుకుంటుంది. చూడకపోతే ఈ ముచ్చట తెలిసేదా?

అంత దూరం ఎందుకు, మన పెదపాడు, ఏలూరు వైపు పిల్లలకి చిటపటకాయలున్నాయి. ఊదాపూల మొక్క. ఎండుకాయని ఉమ్ముతో తడిపితే టప్పున పేలుతుంది. ఇదీ అమెరికా ఖండం నుంచి వచ్చిందే. తడికి కాయ కొసనున్న అతుకు వదులై, బిగబట్టుకున్న రెండు చెక్కలూ ఒక్కసారిగా విడిపోతాయి. దీని దగ్గరి చుట్టం ఒకటి విత్తనాల్ని ఏడు మీటర్ల దాకా విసురుతుందనీ, అవి సెకనుకి 1,660 చుట్ల దాకా తిరుగుతాయనీ 2018లో హైస్పీడ్ కెమెరాతో చూసి చెప్పారు.

మనమేమో వేలు పోసి రోబోటిక్స్ కిట్లు కొంటాం. గట్టు మీద కాయ ఎందుకు పేలిందని పిల్లాడు అడిగితే "సిలబస్‌లో లేదు, పోయి చదువుకో" అంటాం. ఎందుకని అడగడం మానేసినవాడే రేపు గాల్లోంచి విబూది తీస్తే దణ్ణం పెడతాడు. ఈసారి ఊరెళ్ళినప్పుడు ఓ గుప్పెడు కాయలు ఏరుకోండి. సగం పేల్చండి, సగం విప్పి చూపించండి. ఖర్చు ఓ గ్లాసుడు నీళ్ళు.